వీధిలో రాలిన ఆకును ఎరువు చేయడం ఎలా? అనంతపురం ఎండకు, నీటి కరువుకు సరిపడే పద్ధతి

శివరాత్రి దాటిందంటే అనంతపురంలో వేపచెట్లు ఆకు రాల్చడం మొదలుపెడతాయి. ఉగాదికి కొత్త చిగురు, పూత వచ్చేదాకా పొద్దున ఊడ్చిన వాకిలి సాయంత్రానికి మళ్లీ నిండిపోతుంది. వేప తర్వాత కానుగ. ఆ వెనకే బాదం ఆకులు, కొబ్బరి మట్టలు, కత్తిరించిన కాగితంపూల కొమ్మలు. ఈ రోజుల్లో నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే: "ఇంత కసువు ఏం చేసేదన్నా? అగ్గి పెట్టకుండా దారి ఏమైనా ఉందా?" ఇంకొందరు ఇప్పటికే ప్రయత్నించి వస్తారు: "కుప్ప వేసి నాలుగు నెలలైంది. ఆకు ఆకులాగే ఉంది. ఎందుకు?"

రెండో ప్రశ్నకు జవాబు ముందు చెప్తాను, ఎందుకంటే కింద చెప్పేదంతా దాని మీదే ఆధారపడి ఉంది. కంపోస్టు గురించి మనం చూసే వీడియోలు చాలావరకు వానలు బాగా పడే ఊళ్లవి. వాళ్ల భయం నీరు ఎక్కువై కుప్ప కుళ్లి వాసన వస్తుందని. మన జిల్లాలో సగటున ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల లెక్క. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పైగా గాలి. ఇక్కడ కుప్ప కుళ్లదు, ఎండిపోతుంది. తడి లేనిచోట ఆకును చివికించే సూక్ష్మజీవులు పనిచేయవు. నేను మొదటిసారి నేల మీద నాలుగడుగుల ఎత్తు కుప్ప వేసి, వారానికోసారి పైపైన నీళ్లు చల్లి వదిలేశాను. జూన్‌లో తీసి చూస్తే పైన పెళపెళలాడే ఆకు, కింద చెదలు. మా వీధి చివరింటి అవ్వ అది చూసి, "దిబ్బకు తడి చూపకపోతే అది చెదలకు అన్నమే నాయనా. గుంత తీయి, మట్టితో మెత్తు" అంది. పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. ఆమె చెప్పినట్టు చేశాకే నాకు మొదటి ఎరువు చేతికొచ్చింది.

అగ్గి సంగతి క్లుప్తంగా చెప్తాను. ఆకు పొగ పిల్లలకు, ఆయాసం ఉన్నవాళ్లకు ఎంత ఇబ్బందో మీకు తెలుసు. చట్టం కూడా ఒప్పుకోదు. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తోట చెత్తను విడిగా ఉంచాలనీ, బయట తగలబెట్టకూడదనీ చెప్పాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని ఉత్తర్వు ఇచ్చింది. ఇక కాలువలోకి తోసేయడం. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీల్లోకి నీళ్లొచ్చిన రోజులు గుర్తున్నవాళ్లకు, కాలువలో ఆకు, కవర్లు ఇరుక్కుంటే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

కింద చెప్పే కొలతలు పది, పన్నెండు ఇళ్లున్న వీధికి సరిపోతాయి. ఒక్క ఇల్లే అయితే చివర్లో ఉన్న గోతం పద్ధతి చూడండి.

ఏవి వేయొచ్చు, ఏవి వేయకూడదు

వేప, కానుగ, రావి, తురాయి, గన్నేరు, మందార ఆకులు, కోసిన గడ్డి, వాడిన పూలు, కూరగాయల తొక్కలు, టీ పొడి, చెరకు పిప్పి, వేరుశనగ పొట్టు. ఇవన్నీ వేయొచ్చు. వేపాకు చేదు కదా, పురుగుల్ని చంపుతుంది కదా, కుప్పలో పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. పనికొస్తుంది. మిగతా ఆకుతో కలిపి వేయండి, అంతే. కానుగాకు మరీ మంచిది. మన పెద్దలు పొలంలో పచ్చిరొట్టగా తొక్కించిన ఆకే కదా అది. గన్నేరు, ఉమ్మెత్త పశువులకు విషం. గుంతలో చివికితే ఆ విషం పోతుంది గానీ, ఆవులు, మేకలు వచ్చి మూతి పెట్టేలా పైన మాత్రం వదలకండి.

ఆలస్యంగా చివికేవి: బాదం, మామిడి, అశోక ఆకులు, కొబ్బరి మట్టలు, వేరుశనగ పొట్టు. వీటిని చిన్నగా నలిపి లేదా నరికి, మొత్తంలో పావు వంతుకు మించకుండా వేయండి. నీలగిరి ఆకు నేనైతే అసలు వేయను.

వేయకూడనివి ఇవి. పూలదండల దారాలు, పాల కవర్ల మూలలు, గుట్కా ప్యాకెట్లు. ఒక్కో గంపా కింద పోసి ఏరాల్సిందే. కలుపుమందు కొట్టిన గడ్డి. మాంసం, చేప ముళ్లు, నూనె కూరలు. వీటికి కుక్కలు వచ్చి గుంతంతా తవ్విపోస్తాయి. కుక్క, పిల్లి మలం. తుంగగడ్డలు, గరిక వేళ్లు. వీటిని నాలుగైదు రోజులు బండ మీద ఎండబెట్టి, పూర్తిగా చచ్చాకే వేయండి.

వయ్యారిభామ కలుపు మొక్క గురించి విడిగా చెప్పాలి. పూత రాకముందు పీకిందైతే గుంతకు మంచి పచ్చిమేత. తెల్లపూలు వచ్చాక అయితే వేయొద్దు. ఒక్కో మొక్కలో వేల గింజలుంటాయి, గుంత సరిగా వేడెక్కకపోతే మీ ఎరువే వాటిని ఇంటింటికీ పంచుతుంది. పీకేటప్పుడు చేతులకు గ్లవ్స్, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. కొందరికి చర్మం దద్దుర్లు లేస్తుంది, ఆయాసం వస్తుంది.

కావలసినవి

- పార, గడ్డపార, రెండు గంపలు, పళ్లున్న పంజా (ఆకు లాగడానికి)
- మోకాలి కిందిదాకా వచ్చే బూట్లు, మందమైన గ్లవ్స్
- పశువుల పేడ సుమారు 60 కిలోలు. వీధిలో పాలు పోసేవాళ్లను అడగండి, ఎండిపోయినదైనా పరవాలేదు
- ఎండుటాకు 40 నుంచి 50 గోతాలు, పచ్చి చెత్త (పచ్చి ఆకు, కోసిన గడ్డి, కూరగాయల తొక్కలు) 12 నుంచి 15 గోతాలు
- ఎర్రమట్టి నాలుగు గంపలు
- నీళ్లు మొదట్లో 300 లీటర్ల దాకా
- పాత జనపనార గోతాలు ఏడెనిమిది, పైన నీడకు షేడ్ నెట్ లేదా కొబ్బరి మట్టలు
- మూడడుగుల ఇనుప కడ్డీ ఒకటి. వేడి చూడటానికి ఇదే మన థర్మామీటర్

పేడ దొరక్కపోతే వేస్ట్ డీకంపోజర్ వాడొచ్చు. ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం తయారుచేసిన ద్రావణం అది, చిన్న సీసా 20 రూపాయలతో మొదలైంది. 200 లీటర్ల డ్రమ్ములో 2 కిలోల బెల్లం కరిగించి సీసాలోది కలిపి, రోజూ కర్రతో తిప్పుతూ వారం ఉంచితే తయారవుతుంది. ఏదీ లేకపోతే పుల్లటి మజ్జిగ, బెల్లం నీళ్లు, పాత దిబ్బలోని ఒక గంప మట్టి కలిపి చల్లండి. కాస్త ఆలస్యమవుతుంది గానీ పని అవుతుంది.

నీళ్ల మాట. ట్యాంకరు కొనే వీధిలో 300 లీటర్లంటే భయపడతారని నాకు తెలుసు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగినవి, ఏసీ నుంచి కారేవి, చేపల తొట్టి మార్చినవి అన్నీ పనికొస్తాయి. ఒక్కో ఇల్లు రోజుకు ఒక బకెట్ పక్కన పెడితే రెండు మూడు రోజుల్లో కావలసినన్ని జమవుతాయి. సబ్బు నీళ్లు వద్దు. వాటర్ ఫిల్టరు వదిలే నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఒకటి రెండుసార్లు పోస్తే నష్టం లేదు. నెలల తరబడి పోస్తే ఎరువు ఉప్పుబారి కుండీ మొక్కల ఆకు కొసలు మాడతాయి.

చోటు ఎక్కడ

చెట్టు నీడ ఉండాలి. పడమటి ఎండ పడకూడదు. బోరు బావికి, తాగునీటి సంపుకు కనీసం 30 అడుగుల దూరం. ఇంటి గోడకు, ట్రాన్స్‌ఫార్మరుకు, కరెంటు తీగల కిందకు దగ్గరగా వద్దు. ఎండుటాకు దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు. ఉమ్మడి పార్కు స్థలమైతే తవ్వకముందు వార్డు సచివాలయంలో చెప్పి, ఒప్పుకున్నట్టు కాగితం తీసుకోండి. తర్వాత ఎవరో వచ్చి పూడ్పించే టెన్షన్ ఉండదు.

నేలను బట్టి పద్ధతి మారుతుంది. ఎర్రనేల అయితే గుంతే మేలు. తాడిపత్రి, ఉరవకొండ వైపు, అలాగే కర్నూలు జిల్లాలో చాలాచోట్ల ఉన్నట్టు నల్లరేగడి అయితే గుంత తీయకండి. వానకు నీళ్లు నిలిచి ఆకు మురుగుతుంది. అక్కడ నేల మీదే అడుగు ఎత్తు మట్టి గట్టు కట్టి వేయండి. గడ్డపార దిగని గట్టి నేల అయితే విరిగిన కడప బండలు నిలబెట్టి తొట్టి కట్టుకోవచ్చు. బండకూ బండకూ మధ్య రెండు వేళ్ల సందు వదలండి. బండ ఎండకు పెనంలా కాలుతుంది కాబట్టి బయటివైపు తడి గోతాలు వేలాడదీయాలి. మహారాష్ట్ర రైతు పాండరీపాండే పేరు మీద ఉన్న నాడెప్ కంపోస్టు తొట్టిలో ఇటుకల మధ్య కన్నాలు వదిలేది కూడా గాలి కోసమే.

దశలవారీగా

1. గుంత తీయండి. పొడవు 8 అడుగులు, వెడల్పు 4, లోతు రెండున్నర. మూడడుగులు దాటొద్దు, అడుగున గాలి ఆడదు, తిరగేయడానికి నడుము పోతుంది. తీసిన మట్టిని చుట్టూ అరడుగు గట్టుగా వేయండి. సెప్టెంబరు, అక్టోబరు వానలకు వీధి నీళ్లు లోపలికి రాకుండా ఆ గట్టే కాపాడుతుంది.

2. ఆకును ముందురోజే నానబెట్టండి. అందరూ వదిలేసే దశ ఇదే, మన ఊళ్లో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ఎండిన వేపాకు మీద నీళ్లు చల్లితే జారిపోతాయి, లోపలికి ఇంకవు. గుంత తీశాక అందులోనే ఆకు పరిచి నీళ్లు చల్లి, కాళ్లతో తొక్కి, తడి గోతాలు కప్పి రాత్రంతా వదిలేయండి. తెల్లారి ఆకు మెత్తబడి, నలిపితే విరగకుండా వంగాలి. అప్పుడు బయటికి తోడుకుని అసలు పని మొదలుపెట్టండి. డ్రమ్ము ఉంటే గోతాన్నే పది నిమిషాలు ముంచి తీయొచ్చు, ఆ నీళ్లే తర్వాతి గోతానికి పనికొస్తాయి.

3. అడుగున కొమ్మలు. వేలు లావు పుల్లలు, మునగ కొమ్మలు, కంది కట్టె లాంటివి నాలుగంగుళాల మందం పరవండి. ముళ్లకంప వద్దు, తర్వాత తిరగేసేటప్పుడు గుచ్చుకుంటుంది.

4. గుంత మొత్తం నింపకండి. ఒక చివర రెండున్నర అడుగులు ఖాళీగా వదిలి, మిగిలిన అయిదున్నర అడుగుల్లోనే వేయండి. తర్వాత తిరగేయడం అంటే ఈ ఖాళీలోకి లాగడమే. నిండా నింపిన గుంతను తిరగేయాలంటే అంతా పైకెత్తి పోయాలి. ఆ కష్టానికి భయపడే చాలా వీధులు రెండో నెలలో వదిలేస్తాయి.

5. వరసలు వేయండి. నానిన ఎండుటాకు మూడు గంపలు, దానిపైన పచ్చి చెత్త ఒక గంప, ఆపైన పేడ నీళ్లు. 5 కిలోల పేడను 15 లీటర్ల నీళ్లలో పలచగా కలిపి చల్లితే ఒక వరసకు సరిపోతుంది. మీద నాలుగు దోసిళ్ల మట్టి. కాళ్లతో ఒక్కసారి నడవండి, అదిమి గట్టిపరచొద్దు. మళ్లీ ఇదే వరస. ఎండుటాకులో కార్బన్ ఎక్కువ, పచ్చి చెత్తలో, పేడలో నత్రజని ఎక్కువ. ఈ రెండూ కలిస్తేనే వేడి పుడుతుంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

6. నేల మట్టానికి పైన ఇంకో అడుగు ఎత్తు వేయండి, మధ్యలో ఎత్తుగా, పక్కలకు వాలుగా. పది, పదిహేను రోజుల్లో అది నేల మట్టానికి కుంగిపోతుంది. ఒకే ఆదివారం నింపేయగలిగితే మంచిది. రోజుకు కొంచెం కొంచెంగా వేస్తే గుంత సరిగా వేడెక్కదు.

7. మట్టితో మెత్తండి. ఎర్రమట్టి, పేడ కలిపి అంగుళం మందం పూత పూయండి. దాని మీద తడి గోతాలు, ఆపైన నీడ. కర్రతో అయిదారు చోట్ల అడుగుదాకా గాలి రంధ్రాలు చేయండి. నీళ్లు కూడా ఇకమీద ఈ రంధ్రాల్లోంచే పోయాలి. పైన చల్లితే సగం నీళ్లు ఆవిరే.

8. నీళ్లు. మార్చి నుంచి మే వరకు నాలుగైదు రోజులకోసారి రెండు బకెట్లు, సాయంత్రం పూట. చలికాలంలో పది రోజులకోసారి. వాన రోజుల్లో వద్దు, పైన పట్ట కప్పండి. పూత బీటలు వారితే అదే రోజు మెత్తేయండి.

9. తిరగేయండి. ఇరవయ్యో రోజు, నలభై అయిదో రోజు, డెబ్భయ్యో రోజు. పైది కిందికి, అంచులది మధ్యకు వచ్చేలా ఖాళీ చివరకు లాగండి. పొడిగా కనిపించిన చోట అక్కడికక్కడే నీళ్లు చల్లుతూ లాగాలి. మళ్లీ మెత్తడం మరవొద్దు.

ఇలా చేస్తే మూడున్నర, నాలుగు నెలల్లో ఎరువు అవుతుంది. ఫాల్గుణంలో మొదలుపెడితే వానాకాలం మొక్కలు నాటే వేళకు అందుతుంది. తిరగేయకుండా వదిలేస్తే ఏడెనిమిది నెలలు పడుతుంది. అదీ తప్పేమీ కాదు. ముసలివాళ్లే ఉన్న వీధిలో నేను తిరగేయమని చెప్పను, రెండు గుంతలు తీసి వంతులవారీగా వాడుకోమంటాను.

జాగ్రత్త: పాములు, తేళ్లు

ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. ఎండుటాకు కుప్పలో ఒట్టి చెయ్యి పెట్టకండి, పిల్లల్ని పెట్టనివ్వకండి. గోతం ఎత్తేముందు కర్రతో తట్టండి. తిరగేసే ముందు పారతో గట్టు మీద నాలుగు దెబ్బలు వేసి కాసేపు ఆగండి. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోయి కళ్లకు ఆనదు. పని పగటి వెలుతురులోనే చేయండి. ఎవరికైనా కాటు పడితే కట్లు, కోతలు, నాటు మందు అంటూ ఆలస్యం చేయకుండా కాలు కదపనివ్వకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108కి ఫోన్ చేయండి.

మాగే ఎరువు పొడి ముక్కులోకి పోవడం కూడా మంచిది కాదు. తిరగేసేటప్పుడు ముక్కుకు తడిగుడ్డ కట్టుకోండి.

సరిగా జరుగుతోందా లేదా, ఎలా తెలుస్తుంది

*పిడికిలి పరీక్ష.* అరచెయ్యి లోతు నుంచి గుప్పెడు తీసి (గ్లవ్స్‌తో) గట్టిగా పిండండి. రెండు మూడు చుక్కలు రావాలి. ఏమీ రాకుండా విడిపోతే తడి చాలదు. ధారగా కారితే ఎక్కువైంది.

*కడ్డీ పరీక్ష.* అయిదో రోజున ఇనుప కడ్డీని మధ్యలో గుచ్చి పది నిమిషాలు ఉంచి తీసి పట్టుకోండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపల 55 డిగ్రీలు దాటినట్టే. అంత వేడి మూడు రోజులకు పైగా నిలిస్తే కలుపు గింజలు చాలావరకు చస్తాయి. గోరువెచ్చగా ఉంటే పేడ నీళ్లు చాలలేదు. చల్లగా ఉంటే చాలాసార్లు కారణం లోపల ఎండిపోవడమే. ఎండకు పైపూత కాలిందని లోపలా వేడెక్కిందనుకోవద్దు, కడ్డీ కింది సగాన్నే పట్టి చూడండి.

*ముక్కు పరీక్ష.* తొలకరి మట్టి వాసన వస్తే అంతా బాగుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే నీళ్లు ఎక్కువ, గాలి తక్కువ. తిరగేసి ఎండుటాకు కలపండి. ఘాటుగా, పశువుల కొట్టం వాసన వస్తే పచ్చి చెత్త ఎక్కువైంది. దానికీ మందు ఎండుటాకే.

*తయారైందా?* రంగు ముదురు గోధుమ, వేలితో నలిపితే పొడి, ఆకు ఈనెలు అక్కడక్కడా మాత్రమే కనిపించాలి. తిరగేసినా మళ్లీ వేడెక్కకూడదు. ఇంకా అనుమానముంటే గుప్పెడు తడిపి కవర్లో కట్టి మూడు రోజులాగి విప్పండి. దుర్వాసన కొడితే ఇంకో నెల. చివరిగా మెంతులు. ఒక చిప్పలో ఎరువు, మట్టి సగం సగం, ఇంకో చిప్పలో ఒట్టి మట్టి. రెండింట్లో ఇరవై ఇరవై మెంతులు వేసి అయిదు రోజులు చూడండి. రెండూ సమానంగా మొలిస్తే వాడుకోవచ్చు. ఎరువు చిప్పలో సగమే మొలిస్తే ఎరువు ఇంకా పచ్చిగా ఉంది.

ఎక్కువగా జరిగే తప్పులు

పొడి ఆకునే నేరుగా వేయడం మొదటిది, పదిలో ఏడు గుంతలు దీనివల్లే పాడవుతున్నాయని నా అనుభవం. ఇప్పటికే వేసేసి ఉంటే దిగులు పడకండి. తీసి, నానబెట్టి, పేడ నీళ్లతో మళ్లీ వేయండి. ఆకు ఎక్కడికీ పోలేదు కదా.

రెండోది చెదలు. చెదలు పట్టిందంటే లోపల ఎండిందని అర్థం. పురుగుమందు కొట్టొద్దు, మీ సూక్ష్మజీవులూ చస్తాయి. బాగా తడిపి తిరగేస్తే చెదలు వాటంతట అవే వదిలిపోతాయి. సగం చివికిన ఎరువును తొందరపడి చెట్లకు వేస్తే చెదలు, వేరుపురుగు చెట్టు మొదటికే చేరతాయి. వేరుశనగ రైతులకు ఈ బాధ కొత్త కాదు.

మూడోది బొటనవేలు లావు, ఇంగ్లిషు సీ అక్షరంలా ముడుచుకున్న తెల్ల పురుగులు. చాలావరకు ఇవి కొబ్బరి కొమ్ముపురుగు పిల్లలు. ఆకును తింటాయి గానీ, పెద్దవై రెక్కలొచ్చాక వీధిలోని కొబ్బరిచెట్ల మొవ్వు తొలుస్తాయి. తిరగేసేటప్పుడు ఏరి కోళ్లకు వేయండి. గుంతను నెలల తరబడి కదపకుండా ఉంచితే ఇవి బాగా పెరుగుతాయి.

ఇంకొకటి, కాలువ పూడిక మట్టిని ఆకుతో కలిపి పోయడం. అందులో గాజుపెంకులు, డైపర్లు, నూనె మురికి ఉంటాయి. వీధి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులను ముందే కలిసి, ఆకు విడిగా గోతంలో వేయమని అడగండి. అడిగేటప్పుడు గుర్తుంచుకోండి, అది వాళ్లకు అదనపు పని. మా వీధిలో గోతాలు మేమే ఇస్తాం, నింపిన గోతాలను గుంతదాకా మేమే మోసుకెళ్తాం. ఆకు తిరగేయడానికి వాళ్లను పిలిస్తే కూలీ ఇస్తాం. వానపాముల ఎరువు ఎందుకు చెప్పలేదని కూడా అడుగుతారు. 35 డిగ్రీలు దాటితే వానపాములు నిలవవు. మన వేసవిలో వాటిని బతికించడానికయ్యే నీళ్లతో ఇంకో గుంత నింపొచ్చు. దసరా తర్వాత చలికాలంలో ప్రయత్నించండి.

చోటు లేనివాళ్లకు

*గోతం పద్ధతి.* జనపనార గోతంలో నానబెట్టిన ఆకు, రెండు గుప్పిళ్ల పేడ, గుప్పెడు మట్టి వరసలుగా నింపి, మూతి కట్టి, నీడలో ఇటుకల మీద పెట్టండి. వారానికోసారి గోతాన్ని దొర్లించి, ఒక చెంబు నీళ్లు పోయండి. ప్లాస్టిక్ గోతమైతే తడి నిలుస్తుంది, పక్కలకు ఇరవై కన్నాలు పొడవాలి. అయిదారు నెలలు పడుతుంది. మిద్దె మీద ఎండలో పెడితే మాత్రం కాదు.

*ఎరువు చేయకుండా నేరుగా.* నిజం చెప్పాలంటే, పెరట్లో నాలుగు చెట్లున్న ఇంటికి ఇదే అన్నిటికన్నా తేలిక. ఆకును చెట్టు పాదులో మూడు, నాలుగు అంగుళాల మందం పరిచేయండి, మానుకు జానెడు దూరం వదిలి. గాలికి ఎగరకుండా పైన కొంచెం మట్టి, నాలుగు రాళ్లు. నేల తడి ఆరదు. వేసవిలో రోజూ నీళ్లు పోసే జామచెట్టుకు రెండు మూడు రోజులకోసారి పోస్తే సరిపోయింది మా ఇంట్లో. ఇంటి గోడకు ఆనుకున్న పాదుల్లో మాత్రం వద్దు, చెదలు తలుపు చట్రాలకు పాకుతాయి.

*కొమ్మలు.* వేలికన్నా లావైనవి గుంతలో పడేయకండి. వేప, తుమ్మ కొమ్మలు కట్టెల పొయ్యి ఉన్నవాళ్లకు, ఇస్త్రీ బండివాళ్లకు ఇవ్వొచ్చు, ముందు వాళ్లకు కావాలో లేదో అడిగి. కాగితంపూల కంప గుంత చుట్టూ కంచెగా నాటితే ఆవులు రావు. మిగిలింది మున్సిపల్ బండికి విడిగా కట్టి ఇవ్వండి, తడి చెత్త బుట్టలో కుక్కొద్దు.

పంచుకోవడం, వాడటం

యాభై గోతాల ఆకు వేస్తే చివరికి వచ్చేది పది, పన్నెండు గోతాలే. ఇక్కడే వీధుల్లో మాటలు వస్తాయి. ముందే రాసి గేటుకు అంటించండి: తిరగేయడానికి వచ్చిన ప్రతి ఇంటికీ ఒక గోతం, మిగిలింది పార్కు చెట్లకు, పక్కనున్న బడి తోటకు. ఎవరు ఏ ఆదివారం నీళ్లు పోయాలో కూడా అదే కాగితం మీద ఉంటే ఒకరి మీదే భారం పడదు. ఎండాకాలం సెలవులకు అందరూ ఊళ్లకు పోయినప్పుడే గుంతలు ఎండిపోతాయి. మే నెల వంతులు మాత్రం రెండిళ్ల చొప్పున వేసుకోండి.

తీసిన ఎరువును నీడలో రెండు రోజులు ఆరబెట్టి, ఇసుక జల్లెడతో జల్లించండి. జల్లెడలో నిలిచిన పుల్లలు, ముదురు ఆకు పారేయొద్దు, కొత్త గుంతలో మొదటి వరసకు అవే తోడు. కుండీలకు ఒక వంతు ఎరువు, రెండు వంతుల ఎర్రమట్టి. ఒట్టి ఎరువులోనే మొక్క పెడితే మన ఎండకు కుండీ మధ్యాహ్నానికే ఆరిపోతుంది. పెరిగిన జామ, నిమ్మ చెట్లకు ఏడాదికి పది కిలోలు, మాను మొదట్లో కాదు, మధ్యాహ్నం నీడ పడే అంచు వెంబడి చిన్న కాలువ తీసి వేసి, మట్టి కప్పి నీళ్లు పెట్టండి. వాడగా మిగిలినది కొద్దిగా తడిగా ఉండగానే గోతాల్లో కట్టి నీడలో ఉంచుకుంటే ఆరు నెలల దాకా బాగుంటుంది. పూర్తిగా ఎండనిస్తే అది మట్టిపెళ్లలా బిగుస్తుంది, మళ్లీ తడి పీల్చుకోవడానికి రెండు రోజులు పడుతుంది.